గోడ మీద ప్రపంచ సంత

నాలుగు రోజులుండి వెళ్లిపోయే ఎగ్జిబిషన్. దానికోసం గోడకు అంటించిన ఒక్క కాగితం. ఎగ్జిబిషన్ ఎప్పుడో ముగిసింది. అది జరిగిన భవనాన్నీ కూల్చేశారు. కాగితం మాత్రం మ్యూజియంలో భద్రంగా ఉంది. ఎక్కడో యూరప్‌లో మొదలైన ఆ పోస్టర్ల కథకు మన హైటెక్ సిటీ కమాను దాకా చుట్టరికం ఉంది!

హైటెక్ సిటీ నుంచి కొండాపూర్ వైపు వెళ్తూ 'కమాన్ దగ్గర ఆపండి' అంటే చాలు. ఏ కమాను అని ఆటో అతను అడగడు. హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌కి స్వాగత ద్వారంగా కట్టిన ఆ తోరణం చుట్టుపక్కల కాలనీలకు చిరునామా అయిపోయింది. 2003లో హైటెక్స్ మొదలైన దగ్గర్నుంచీ ఆ దారిలో ఏదో ఒక ప్రదర్శన హడావుడి కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి ఇంటి సామాన్లు, ఇంకోసారి యంత్రాలు, మరోసారి ఫ్లాట్లూ ప్లాట్లూ. ఏటా నవంబరు వచ్చిందంటే కోళ్ల పరిశ్రమవాళ్ల పెద్ద పండగ.

అక్కడ బండి ఆగినప్పుడు ఎదురుగా ఉన్న ఫ్లెక్సీని ఓసారి చదివిచూడండి. పైన నిర్వాహకుల పేర్లు, ఆ పక్కన స్పాన్సర్ల లోగోలు ఓ డజను, మధ్యలో నవ్వుతున్న అమ్మాయి, ఆమె వెనక ఓ అద్దాల భవనం, కింద తేదీలు, ఫోన్ నంబర్లు, మూలన క్యూఆర్ కోడ్. బండి కదిలేలోపు ఆ ప్రదర్శన దేనికోసమో తెలిస్తే మీరు అదృష్టవంతులే. తేదీ కూడా గుర్తుంటే గట్టివాళ్లే!

పరిగెత్తే మనిషిని ఒక్క క్షణం ఆపి, భాష తెలియకపోయినా విషయం చెప్పి పంపడం ఎలా? సుమారు వందేళ్ల కిందట యూరప్‌లో కొందరు చిత్రకారులు సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే కూర్చున్నారు. వాళ్లు కనిపెట్టిన జవాబులే ఇప్పుడు పాతకాలపు మోడర్నిస్టు పోస్టర్లుగా మ్యూజియాలకూ వేలంపాటలకూ ఎక్కుతున్నాయి.

రెండు అక్షరాల సంత

మన ఊళ్లలో సంతకు చాటింపు ఉండేది. డప్పు మోగితే పనులు ఆపి వినేవాళ్లు. దేశాల మధ్య జరిగే సంతకు ఏ డప్పు సరిపోతుంది? వచ్చేవాళ్లు ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. అక్కడే పోస్టరు పుట్టింది, చప్పుడు చెయ్యని చాటింపుగా.

జర్మనీలోని లైప్‌జిగ్‌కి ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన సంత చరిత్ర ఉంది. వ్యాపారులు బళ్ల మీద సరుకు తెచ్చి అమ్ముకుని వెళ్లేవాళ్లు. రైళ్లు, ఫ్యాక్టరీలు వచ్చాక ఆ పద్ధతి మారిపోయింది. వెయ్యి కుర్చీలు అమ్మాలంటే వెయ్యీ మోసుకురావడం ఎందుకు, ఒకటి తెచ్చి చూపిస్తే సరిపోదా? 1895 ప్రాంతంలో లైప్‌జిగ్ సరుకుల సంత కాస్తా నమూనాల సంత అయింది. చూడటం, బేరమాడటం, ఆర్డరు ఇవ్వడం... సరుకు తర్వాత ఇంటికే వస్తుంది. ఇవాళ హైటెక్స్‌లో జరిగే వ్యాపార ప్రదర్శనలన్నీ ఆ పద్ధతి బిడ్డలే. కోళ్ల ఎగ్జిబిషన్‌కి వెళ్లి మేత యంత్రాన్ని ఎవరూ చంకన పెట్టుకుని రారు కదా!

నమూనాల సంతను జర్మన్ భాషలో 'ముస్టర్‌మెస్సె' అంటారు. 1917లో ఎరిష్ గ్రూనర్ అనే చిత్రకారుడు ఆ మాటలోని రెండు 'ఎమ్' అక్షరాలను తీసుకుని ఒకదానిమీద ఒకటి నిలబెట్టాడు. అంతే! బొమ్మ లేదు, వివరణ లేదు. రెండు అక్షరాలు గొడుగు మీద గొడుగులా నిలుచున్నాయి. ఆ గుర్తు పోస్టర్లకు ఎక్కింది, టిక్కెట్లకు ఎక్కింది, చివరికి ప్రదర్శన మైదానం ముందు కాంక్రీటు కట్టడమై ఆకాశంలోకి లేచింది. హైటెక్స్ కమానుకు అది పెదనాన్న వరస అనుకోవచ్చు. సామ్రాజ్యం పోయింది, హిట్లర్ వచ్చాడు పోయాడు, దేశం రెండు ముక్కలై మళ్లీ ఒకటైంది. లైప్‌జిగ్ ప్రదర్శన సంస్థ గుర్తు మాత్రం ఇప్పటికీ ఆ రెండు ఎమ్‌లే.

ఆ గుర్తు 1917లోనే రావడానికి ఓ కారణం ఉంది. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. శత్రుదేశమైన జర్మనీ సంతకు ఫ్రాన్స్ వ్యాపారులు వెళ్లలేరు. అందుకే 1916లో లియాన్ నగరం సొంత ప్రదర్శన పెట్టింది. 1917లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ మొదలుపెట్టాయి. 1920లో ఇటలీలోని మిలాన్ వచ్చి చేరింది. అప్పటిదాకా ఒక్క సంత ఉన్నచోట అయిదారు తయారయ్యాయి. 'మా దగ్గరకు రండి' అంటే 'మా దగ్గరకు రండి' అని పోటీ. వ్యాపారుల ఆ పోటీ చిత్రకారులకు కలిసొచ్చింది. ఏడాదికో కొత్త పోస్టరు కావాలి మరి!

అన్నట్టు, లైప్‌జిగ్ పోస్టర్ల మీద ఓ చిన్న మనిషి కూడా కనిపిస్తాడు. తల ఉండాల్సిన చోట భూగోళం, దానిమీద టోపీ, నోట్లో పైపు, చేతిలో పెట్టె, పెట్టె మీద రెండు ఎమ్‌లు. తూర్పు జర్మనీ పిల్లలను టీవీలో రోజూ నిద్రపుచ్చిన 'శాండ్‌మన్' బొమ్మను సృష్టించిన గెర్‌హార్డ్ బేరెంట్ 1964లో ఈ బుల్లి వ్యాపారినీ తయారుచేశాడు. ప్రపంచమంతా తిరిగే వ్యాపారి అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? వంద లోగోలు పెట్టినా రాని అర్థం ఆ గుండ్రటి తలలో ఉంది.

రాయి నేర్పిన పొదుపు

ఈ పోస్టర్లను మొదటిసారి చూసినవాళ్లు 'ఇంతేనా?' అంటారు. నిజమే, వాటిలో పెద్దగా ఏమీ ఉండదు. నీలం నేపథ్యం, ఎర్రటి బాణం, ఓ పళ్లచక్రం, లావుపాటి అక్షరాల్లో ఊరి పేరు, తేదీ. ఆ లేమి వెనక కళాసిద్ధాంతంతోపాటు అచ్చు యంత్రం కష్టం కూడా ఉంది.

1790ల చివర్లో జర్మనీలో ఆలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన రాతి అచ్చు పద్ధతి చాలా సులువైన సూత్రం మీద నడుస్తుంది. నూనెకూ నీటికీ పడదు. నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, రాయిని తడిపి, సిరా పూస్తే జిడ్డున్నచోటే సిరా పడుతుంది. కాగితం అద్దితే బొమ్మ దిగుతుంది. ఒక రంగుకు ఒక రాయి. అయిదు రంగులు కావాలంటే అయిదు రాళ్లు గీయాలి, కాగితాన్ని అయిదుసార్లు అచ్చుకు పంపాలి, ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా రాకుండా కూర్చోబెట్టాలి. ఖర్చూ శ్రమా తగ్గాలంటే ఒకటే మార్గం... తక్కువ రంగులతో ఎక్కువ చెప్పడం. రెండే రంగులతో పుస్తకం ముఖచిత్రాన్ని వెలిగించిన బాపు బొమ్మలు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దీనికి ముందుతరం కథ ఒకటి ప్రచారంలో ఉంది. 1906 ప్రాంతంలో బెర్లిన్‌లో ప్రీస్టర్ అనే అగ్గిపెట్టెల కంపెనీ పోస్టరు పోటీ పెట్టింది. లూసియన్ బెర్న్‌హార్డ్ అనే కుర్రాడు ఓ బల్ల, బల్ల మీద యాష్‌ట్రే, చుట్ట, అగ్గిపుల్లలు, వెనక పొగలో నాట్యం చేసే అమ్మాయిలు... అన్నీ వేశాడట. చూసిన మిత్రుడు 'చుట్టల ప్రకటన బాగుంది' అన్నాడట. దాంతో అమ్మాయిలను తుడిచేశాడు. చుట్ట తీసేశాడు. యాష్‌ట్రే, బల్ల కూడా పోయాయి. చివరికి మిగిలినవి రెండు అగ్గిపుల్లలు, కంపెనీ పేరు. న్యాయనిర్ణేతల్లో కొందరు చెత్తబుట్టలో పడేసిన ఆ కాగితాన్నే ఒకాయన బయటికి తీసి మొదటి బహుమతి ఇప్పించాడని చెబుతారు. కథలో కాస్త ఉప్పూకారం కలిసి ఉండొచ్చు. పోస్టరు మాత్రం ఇప్పటికీ ఉంది, అందులో నిజంగానే రెండు అగ్గిపుల్లలూ ఒక పేరే ఉన్నాయి.

తర్వాతి తరంవాళ్లు ఇంకో అడుగు వేశారు. చిత్రాన్నీ ఫొటోనూ అక్షరాన్నీ కలిపేశారు. 1929లో జ్యూరిక్‌లో జరిగిన రష్యన్ ప్రదర్శనకు ఎల్ లిసిట్‌స్కీ చేసిన పోస్టరులో ఓ అబ్బాయి, ఓ అమ్మాయి ముఖాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. రెండు ముఖాల మధ్య ఒక కన్ను ఇద్దరిదీ! నుదుటి మీద దేశం పేరు. కింద ప్రదర్శన భవనం. ఇప్పటి కంప్యూటర్‌లో అయిదు నిమిషాల పని. అప్పుడు చీకటిగదిలో నెగటివ్ మీద నెగటివ్ పెట్టి చేయాల్సిన పని.

స్విట్జర్లాండ్‌వాళ్లు ఇంకో తమాషా చేశారు. అక్కడ 1914 నుంచే పోస్టర్లకు ఒక కొలత ఉంది. వెడల్పు 90.5 సెంటీమీటర్లు, ఎత్తు 128 సెంటీమీటర్లు. ఊళ్లోని పోస్టరు బోర్డులన్నీ ఆ కొలతకే తయారయ్యాయి. పెద్ద కంపెనీదైనా చిన్న దుకాణానిదైనా కాగితం సైజు ఒక్కటే. డబ్బుతో గోడను ఆక్రమించడం కుదరదు కాబట్టి ఆలోచనతోనే గెలవాలి. 1941 నుంచి ఏటా ఉత్తమ పోస్టర్లను ఎంపికచేసి ప్రభుత్వమే గౌరవించడం మొదలుపెట్టింది. గోడమీద కాగితానికి సర్కారు సన్మానం! మనదగ్గర సంగతి తెలిసిందే. ఎవరి హోర్డింగు పెద్దదైతే వాళ్లదే మాట. హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగులు దాటి ప్రకటన బోర్డులు ఉండకూడదని 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది.

భవనం పోయింది... బొమ్మ మిగిలింది

వ్యాపార ప్రదర్శనలకు పెద్దక్కలాంటివి ప్రపంచ ప్రదర్శనలు. వాటి పోస్టర్లు చూస్తే ఓ విషయం తెలుస్తుంది. కాగితం పనికిమాలినదనీ కాంక్రీటు శాశ్వతమనీ అనుకుంటాం కదా, అక్కడ చాలాసార్లు తలకిందులుగా జరిగింది.

1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం రెండు వింత కట్టడాలు కట్టారు. ఆరువందల అడుగులకు పైగా లేచిన సూదిలాంటి గోపురం, దాని పక్కన బ్రహ్మాండమైన తెల్లటి బంతి. ట్రైలాన్, పెరిస్ఫియర్ అని వాటి పేర్లు. ఆస్ట్రియా నుంచి వచ్చిన జోసెఫ్ బిండర్ ఆ రెంటినీ రాత్రి ఆకాశంలో నిలబెట్టి వేసిన పోస్టరు పోటీలో గెలిచింది. సూది, బంతి... అంతే ప్రదర్శన మొత్తం. ఆ కట్టడాలను తర్వాత కూల్చి, ఉక్కును యుద్ధం పనులకు తరలించారు. 'రేపటి ప్రపంచం' ఎలా ఉంటుందో చూపిస్తామన్న కట్టడాలు రెండేళ్లు దాటి నిలవలేదు. బిండర్ కాగితం నిలిచింది.

1958 బ్రస్సెల్స్ ప్రదర్శనకు లూసియాన్ డి రోక్ గీసిన గుర్తు ఇంకా చిత్రం. అయిదు కొసల నక్షత్రమే, కానీ ఏ రెండు కొసలూ సమానం కాదు. చేత్తో పట్టి లాగినట్టు వంకరగా ఉంటుంది. స్కూల్లో పిల్లాడు అలా గీస్తే మాస్టారు మళ్లీ గీయమంటారు. ఆ వంకరే దానికి పరుగు తెచ్చింది. 1970లో జపాన్‌లోని ఒసాకాలో జరిగినప్పుడు అయిదు రేకుల చెర్రీ పువ్వు గుర్తయింది. ఆ ప్రదర్శనకు పోస్టర్లు వేసినవాళ్లలో యుసాకు కమెకురా ఒకడు. టోక్యో ఒలింపిక్స్‌కు ఎర్రటి సూర్యబింబం కింద బంగారు వలయాలు పెట్టిన మనిషి అతనే. ఒసాకా ప్రదర్శనకు వచ్చినవాళ్లు 6 కోట్ల 40 లక్షల మందికి పైనే.

మన దేశానికి వస్తే పెద్ద సందర్భం 1972. స్వాతంత్య్రం వచ్చి పాతికేళ్లయిన ఏడాది. నవంబరు 3న ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో మూడో ఆసియా అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన మొదలైంది. క్లుప్తంగా 'ఆసియా 72'. దానికోసం వాస్తుశిల్పి రాజ్ రేవల్, ఇంజినీరు మహేంద్ర రాజ్ కలిసి హాల్ ఆఫ్ నేషన్స్ కట్టారు. లోపల ఒక్క స్తంభం లేకుండా త్రికోణాలను అల్లి నిలబెట్టిన మందిరం. ఇతర దేశాల్లో అలాంటి అల్లిక ఉక్కుతో చేసేవాళ్లు. ఇక్కడ ఉక్కు ఖరీదు, కూలీల చేతులు చవక. అందుకే కాంక్రీటును అక్కడికక్కడే పోసి అల్లారు. దూరం నుంచి చూస్తే అది భవనంలా ఉండదు, ఎవరో స్కేలు పెట్టి గీసిన పోస్టరులా ఉంటుంది.

ఆ ప్రదర్శనకు తపాలాశాఖ రెండు బిళ్లలు విడుదల చేసింది. ఒకదానిమీద ప్రదర్శన చిహ్నం, ఇంకోదానిమీద బుద్ధుడి హస్తం. తపాలాబిళ్ల అంటే ఉత్తరం మీద ఎక్కి ఊరూరా తిరిగే పోస్టరే కదా. నిజానికి అంతకు అరవై ఏళ్ల ముందు యూరప్‌లో ఎగ్జిబిషన్ల పోస్టర్లను అచ్చంగా బిళ్లలంత సైజుకు కుదించి, కవర్ల మీద అంటించడానికి ఉచితంగా పంచేవాళ్లు. వాటితో పోస్టల్ పని జరగదు, ఉత్త ప్రచారమే. పిల్లలు మాత్రం ఆల్బమ్‌ల నిండా పోగేసుకునేవాళ్లు. పెద్ద పోస్టర్లు వానకు తడిసి చిరిగిపోయిన చోట ఆ పిల్లల ఆల్బమ్‌లే ఇప్పుడు ఆధారాలు.

హాల్ ఆఫ్ నేషన్స్ ఏమైందంటారా? దేశవిదేశాల వాస్తుశిల్పులు వద్దని మొరపెట్టుకుంటుండగానే 2017 ఏప్రిల్‌లో ఓ రాత్రి కూల్చేశారు. ప్రగతి మైదాన్‌లో 2023లో భారత్ మండపం ప్రారంభమైంది. 1972 నాటి మందిరాన్ని చూడాలనుకునేవాళ్లకు మిగిలింది ఫొటోలు, కాగితాలే.

నాంపల్లి దారి వేరు

హైదరాబాద్ ఎగ్జిబిషన్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హైటెక్స్ కాదు, నాంపల్లి. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం చొరవతో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రారంభించారు. స్థానికంగా తయారైన వస్తువులను జనానికి చూపించాలి, వచ్చిన డబ్బుతో రాష్ట్రంలో ఆర్థిక సర్వే చేయించాలి అన్నది ఆలోచన. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలని చెప్పుకుంటారు! 1946లో ఇప్పటి మైదానానికి మారింది. 1947, 48లలో జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజాజీ వచ్చి మళ్లీ తెరిచాక అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. పేరు ఎంత పెద్దదైనా జనం నోట్లో అది 'నుమాయిష్' మాత్రమే. అంటే ప్రదర్శన అనే అర్థం.

ఏటా జనవరి 1న మొదలై నెలన్నర సాగే నుమాయిష్‌కి పోస్టరు అవసరం పెద్దగా లేదు. కొత్త క్యాలెండర్ గోడకెక్కితే చాలు, పిల్లలు 'ఎప్పుడు వెళ్దాం' అని మొదలుపెడతారు. కశ్మీరీ శాలువాలు, లక్నో కుర్తాలు, మిర్చిబజ్జీ, జెయింట్ వీల్... ఊరికి తెలిసిన పండగ. ఏది కావాలన్నా కొనుక్కుని చేతిసంచిలో వేసుకుని ఇంటికి రావడమే. లైప్‌జిగ్ వదిలేసిన పాత పద్ధతిని నాంపల్లి వదల్లేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పద్ధతిలోనే ఎక్కువ సందడి!

హైటెక్స్‌ది దానికి పూర్తిగా వేరే లోకం. వచ్చేవాడు పక్క వీధివాడు కాదు. కోయంబత్తూరు నుంచో కొరియా నుంచో వస్తాడు. అతనికి ఈ ఊరి పేరు ఒక్క చూపులో గుర్తుండాలి. గోడ మీద గుర్తు కావాల్సింది ఇక్కడే.

విచిత్రం ఏమిటంటే ఈ ప్రాంతం పుట్టిందే అలాంటి ఒక గుర్తుతో. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ రాళ్లూ పొదలే ఎక్కువ. ఆ రాళ్ల మధ్య గుండ్రటి భవనం. పది అంతస్తులు. నాలుగు భాగాలుగా కోసిన పండులా మధ్యలో ఖాళీ. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చాడు. ఆ రోజుల్లో పేపర్లలో, క్యాలెండర్లలో, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల కరపత్రాల్లో, శుభలేఖలు అచ్చేసే దుకాణాల శాంపిల్ పుస్తకాల్లో కూడా ఆ గుండ్రటి ముఖమే. ఊళ్ల నుంచి హైదరాబాద్ చూడటానికి వచ్చినవాళ్లు చార్మినార్, ట్యాంక్‌బండ్ అయ్యాక దాని ముందు నిలబడి ఫొటో దిగేవాళ్లు. లోపల ఏం పని జరుగుతుందో తెలియకపోయినా సరే! న్యూయార్క్‌వాళ్లకు సూదీ బంతీ ఎలాగో మనకు సైబర్ టవర్స్ అలాగ. ఎవరూ పోస్టరుగా గీయకముందే భవనమే పోస్టరైంది.

ఆ తర్వాత అంతకన్నా ఎత్తైనవి, మెరిసేవి వందల్లో వచ్చాయి. 2006లో హైటెక్స్ పక్కనే కన్వెన్షన్ సెంటర్ వచ్చింది. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అక్కడే జరిగాయి. ప్రతి సదస్సుకూ ప్రతి ఎగ్జిబిషన్‌కూ రోడ్డు పొడవునా బ్యానర్లు కట్టారు. ఇప్పుడు వాటిలో ఒక్కటి కళ్లు మూసుకుని గుర్తుచేసుకోమంటే? కష్టమే. గుర్తులేకపోవడం చూసినవాళ్ల తప్పు కాదు. ఏదో ఒక్కటే చెబుదామని వాటిని తయారుచేసినవాళ్లు అనుకోలేదు. స్పాన్సర్ పేరు చిన్నదైతే స్పాన్సర్‌కి కోపం, పెద్దమనిషి ఫొటో లేకపోతే పెద్దమనిషికి కోపం. బెర్న్‌హార్డ్ బల్లనూ చుట్టనూ తుడిచేసినట్టు వీళ్లను తుడిచేయగలిగే డిజైనర్ ఎక్కడ దొరుకుతాడు?

దాచినవాళ్లు, పారేసినవాళ్లు

గోడపత్రిక అంటే మనకు సినిమాపోస్టరే. మైదాపిండి జిగురు బకెట్, పొడవాటి బ్రష్షు, సైకిలు, తెల్లవారుజామున గోడలు... తరాలుగా చూసిన దృశ్యం. ఆ పోస్టర్లకు అదృష్టం పట్టింది. బాపు తీసిన 'సాక్షి'తో 1967లో రంగంలోకి వచ్చి, వేల పోస్టర్లు చేసి, 2021లో కన్నుమూసిన ఈశ్వర్ స్వయంగా 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాసి ఆ చరిత్రను మనకు మిగిల్చారు. దానికి నంది పురస్కారం కూడా వచ్చింది. ఎగ్జిబిషన్ పోస్టర్లకు అలాంటి పుస్తకం రావాల్సే ఉంది.

హైదరాబాద్‌కి గోడపత్రికల చరిత్ర తక్కువేం కాదు. చార్మినార్‌కి కాస్త దూరంలోని ఛత్తాబజార్‌లో ఉర్దూ ఖాతిబ్‌లు చేత్తో అక్షరాలు దిద్దితే అవి రాతి అచ్చు మీద కాగితానికి ఎక్కేవి. సెనెఫెల్డర్ రాయి ఇక్కడిదాకా వచ్చిందన్నమాట! సీసం అక్షరాల్లో ఇమడని ఉర్దూ ఒంపులకు రాతి అచ్చే సరిగ్గా సరిపోయింది. ఆ బజారు ఇప్పటికీ శుభలేఖలకు పేరున్నదే. కంప్యూటర్ అక్షరాలు వచ్చాక కలం పట్టేవాళ్లు తగ్గిపోయారు.

యూరప్‌లో పోస్టర్లు బతకడానికి కారణం అక్కడివాళ్ల కళాహృదయం ఒక్కటే కాదు. ముద్రాపకులు ప్రతి పోస్టరుదీ ఒకటో రెండో కాపీలు పక్కన పెట్టేవాళ్లు. లైబ్రరీలు, మ్యూజియాలు అడిగి తీసుకునేవి. జ్యూరిక్ డిజైన్ మ్యూజియంలో ఇప్పుడు 3 లక్షలకు పైగా పోస్టర్లు ఉన్నాయి. 1917లో మొదలైన బాసెల్ ప్రదర్శన 2019లో శాశ్వతంగా మూతపడింది. కానీ వందేళ్లలో దాని ముఖం ఎలా మారుతూ వచ్చిందో పోస్టర్లు వరసగా పేర్చి చూడొచ్చు. మనదేశంలోనూ ఢిల్లీకి చెందిన ప్రియా పాల్ అగ్గిపెట్టె లేబుళ్లు, క్యాలెండర్లు, వ్యాపార ప్రకటనలు వేలకొద్దీ సేకరించారు. 'తస్వీర్ ఘర్' అనే బృందం వాటిని డిజిటల్ రూపంలో పెట్టింది. ఒకప్పుడు కిరాణాకొట్టులో పొట్లాలకు పోయిన కాగితాలవి.

మీ ఇంట్లోనూ ఉండొచ్చు. అటక మీద ట్రంకుపెట్టెలో తాతగారు ఢిల్లీ నుంచి తెచ్చిన ఎగ్జిబిషన్ కరపత్రం, నుమాయిష్ పాత టిక్కెట్టు, ఏ విదేశీ కంపెనీ స్టాల్లోనో ఇచ్చిన పోస్టరు. దొరికితే లామినేషన్ చేయించకండి. వేడికి ప్లాస్టిక్ కాగితంలో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేరు. చిరిగినచోట సెల్లోటేపు వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై లోపలికి దిగుతుంది. మడతలు పెట్టకుండా వెడల్పాటి గొట్టం మీద చుట్టి ఎండా తేమా తగలనిచోట ఉంచండి. న్యూస్‌పేపర్లో మాత్రం చుట్టొద్దు, అందులోని ఆమ్లం దీనికీ పాకుతుంది. పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా ఫొటో తీసుకోండి. వెనకవైపు మూలన పెన్సిల్‌తో ఏ ఊరు, ఏ ఏడాది, ఎవరు తెచ్చారు అని రాసి పెట్టండి. బాగా పాడైన పోస్టర్లను నిపుణులు పల్చటి జపాన్ కాగితం, గంజిజిగురుతో నూలుగుడ్డ మీద అతికించి నిలబెడతారు. మైదాపిండి జిగురుకు అది దూరపు చుట్టమే.

ఫ్లెక్సీకి ఇవేవీ అక్కర్లేదు. అది చిరగదు, తడవదు, చివకదు. అయినా దాన్ని ఎవరూ దాచరు. హైటెక్స్‌లో చివరిరోజు సాయంత్రం స్టాళ్లు విప్పుతుండగానే కమాను దగ్గరి ఫ్లెక్సీల తాళ్లు కోస్తారు. అవి ట్రాలీ ఆటోల్లో ఎక్కి ఎటో వెళ్లిపోతాయి. వారం తర్వాత కొండాపూర్‌లో ఏ కూలీ గుడిసె మీదో, మొక్కజొన్న కంకుల బండి మీదో కనిపిస్తాయి. వాన పడుతుంటే బండివాడు ఓ కొస పట్టుకుని నీళ్లు ఒంపేస్తాడు. తలకిందులైన అక్షరాల్లో అంతర్జాతీయ ప్రదర్శన తేదీలు, దాని పక్కన ఆ నవ్వుతున్న అమ్మాయి సగం ముఖం.